ప్రాకారము లేని పట్టణము

చీనాభాషలో నగరమునకును ప్రాకారమునకును పూర్వమునుండి ఒకటే మాట. గోడ లేనిది నగరమే కాదని ఆ దేశపు పెద్దల యభిప్రాయము. రాజధాని మొదలు మారుమూల కచేరీ గ్రామము వరకు, మట్టితోనో ఇటుకతోనో కట్టిన చుట్టుగోడయు, ప్రొద్దుగ్రుంకిన వెనుక మూసివేయు ద్వారములును ఉండుట అచ్చట సామాన్య ధర్మము. అట్టి దేశమున, సుమారు ఎనిమిది శతాబ్దముల చరిత్ర గలిగి, ఒక సామంతవంశమునకు ముఖ్యస్థానమై, రెండు దేశముల వర్తకమునకు కూడలియై యుండియు, తన ఇండ్ల చుట్టును గోడ లేకుండ పెరిగిన పట్టణ మొకటి కలదు. దాని పేరు లిజియాంగ్. ఆ పట్టణము భూకంపమునకు తట్టుకొన్నది, కీర్తికి తట్టుకొనలేకపోయినది. ఆ కథ కొంత వివరముగ చెప్పదగినదని మాకు తోచినది.

చీనాకు నైరృతిదిశ నున్న యూనాన్ రాష్ట్రములో, వాయవ్యపు మూలను, సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల యెత్తున ఈ పట్టణ మున్నది. ఉత్తరమున 5,596 మీటర్ల యెత్తు గల యూలాంగ్ అను మంచుకొండ. ఆ కొండల నొరసికొనుచు జిన్షానది పారును. యాంగ్సీ మహానదికి ఎగువభాగమున గల పేరే జిన్షా. ఇచ్చటి పూర్వనివాసులు చీనాలో అధికసంఖ్యాకులగు హానులు కారు, నాషీలు. వీరి సంఖ్య మూడు లక్షలను కొంచెము మించును. వీరి భాష టిబెట్టు, బర్మా భాషలకు చుట్టము. వీరి పురోహితులను దోంబాలందురు. వారు పక్షిని పక్షిగను, కొండను కొండగను గీయు బొమ్మల లిపిలో తమ మంత్రగ్రంథములను వ్రాసి యుంచిరి. ఆ గ్రంథములను 2003లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది.

పట్టణమునకు గోడ లేకపోవుటకు లోకులు చెప్పుకొను కారణము వినోదకరముగ నున్నది. దీని నేలిన వంశమువారి యింటిపేరు మూ. చీనాలిపిలో ఆ యక్షరమునకు చెట్టు, కొయ్య యని యర్థము. దాని చుట్టును నాలుగు గీతలు గీచి పెట్టెలో నుంచినచో వేరొక యక్షర మగును. దాని యర్థము చిక్కులలో పడుట. కావున, గోడ కట్టుకొన్నచో తమ వంశము చిక్కులలో పడునని మూ ప్రభువులు తలచిరట. మేము ఈ కథను ముచ్చటకొరకు చెప్పుచున్నామే కాని నమ్మి కాదు. పడమట సింహగిరి, ఉత్తరమున మరి రెండు గుట్టలు చలిగాలిని ఆపుచున్నవి. ఆవల లోతైన నదీలోయలును, ఇరుకు కనుమలును శత్రువు నాపుచున్నవి. ఈ రెండింటికన్న ముఖ్యమైన కారణము మరియొకటి యున్నట్లు మాకు తోచుచున్నది. బిడారులు ఏ వేళకు వచ్చునో తెలియని సంతకు తలుపులు పెట్టినచో నష్టపడునది ఊరే కదా.

మూ ప్రభువుల రాజనీతియు ఈ తెరువున నడచినదే. 1253లో కుబ్లాయిఖాను దాలీరాజ్యముపై దండు వెడలి జిన్షానదిని దాటినప్పుడు, నాషీనాయకుడు ఎదిరింపక సంధి చేసికొనెను. తోలుతిత్తులలో గాలి నింపి, వానిపై మంగోలు సేనలు నదిని దాటినవని ప్రతీతి. 1382లో మింగు చక్రవర్తి సేనలు యూనానును జయించినప్పుడును ఇట్లే జరిగెను. చక్రవర్తి సంతసించి అప్పటి నాయకునకు మూ అను ఇంటిపేరును, వంశపారంపర్యమగు అధికారమును ప్రసాదించెను. బలవంతుడు వచ్చినప్పుడు వంగుట పౌరుషహీనతయని యనువా రుందురు. కాని సరిహద్దున నున్న చిన్నజాతి నాలుగున్నర శతాబ్దములకు పైగా తన వారి యేలుబడిలోనే బ్రదుకగలిగినదనిన, ఆ వంగుటలో వివేకము లేదని మేము చెప్పజాలము.

ఈ వంశమున మూ జెంగ్ అను ప్రభువు చీనాకవిత్వమున దిట్ట. 1639లో షూ షియాకె యను ప్రసిద్ధ యాత్రికుడు ఇతని యాహ్వానముపై లిజియాంగ్ వచ్చెను. ముప్పది యేండ్లకు పైగా దేశమంతయు కాలినడకను తిరిగిన యతడు, మూ వారి భవనముల వైభవము రాజులదానికి తీసిపోదని తన దినచర్యలో వ్రాసినాడు. అతనికి పెట్టిన విందులో ఎనుబది వంటకములు వడ్డించిరట. దూరముగ పరచిన ఆ పళ్లెములలో ఏది విశేషమో తెలిసికొనుటకే వీలు కాలేదని ఆతడు చెప్పుట చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది. పట్టణమునకు ఉత్తరమున బైషా యను గ్రామమున 1582లో కట్టిన మందిరమున్నది. దానిలోని కుడ్యచిత్రములందు బౌద్ధుల దేవతలు, తావోమతస్థుల దేవతలు, టిబెట్టు లామాల దేవతలు ఒక్కచోటనే కొలువుదీరి యున్నారు. ఎవరినీ కాదనకుండుట ఆ ప్రభువులకు రాజనీతియే కాక అభిరుచియు నైనట్లున్నది.

1723లో ఛింగు ప్రభుత్వము ఈ వంశపారంపర్యాధికారమును రద్దుచేసి, రాజధానినుండి ఉద్యోగులను పంపనారంభించెను. మూ వంశము క్షీణించెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ యూనానులో చెలరేగిన కల్లోలములలో వారి భవనములు చాలవరకు దగ్ధమయ్యెను. మిగిలిన రాతితోరణము కూడ 1960 దశకపు సాంస్కృతిక విప్లవమున కూలినది.

ప్రభువులు పోయినను సంత పోలేదు. దక్షిణ యూనానున పండిన తేయాకు గంపలు కంచరగాడిదలపై ఇచ్చటికి వచ్చి, ఇచ్చటినుండి మంచుకనుమల మీదుగ లాసాకు పోయెడివి. ప్రయాణమునకు నెలలు పట్టెడిది. టిబెట్టునుండి ఉన్ని, తోళ్లు, కస్తూరి, ఓషధులు వచ్చెడివి. ఈ సంతలో బేరమాడువారిలో అధికులు స్త్రీలు. నాషీ స్త్రీలు వీపున గొఱ్ఱెతోలు కప్పుకొని, దానిపై నక్షత్రములకు గుర్తుగ ఏడు బిళ్లలు కుట్టుకొందురు. బరువు మోయుటకును, అలంకారమునకును అదే.

మన దేశమునకు ఈ పట్టణముతో నిజమైన సంబంధము కలిగినది రెండవ ప్రపంచయుద్ధకాలమున. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించి, చీనాకు పోవు బర్మాబాటను మూసివేసిరి. అప్పుడు కలకత్తా సరకు కాలింపాంగు చేరి, అచ్చటినుండి లాసాకును, లాసానుండి లిజియాంగునకును గుఱ్ఱములపై, జడలబఱ్ఱెలపై ఎక్కి పోయెను. ఆ సంవత్సరములలో లిజియాంగున నుండి చేతిపనులవారి సహకారసంఘములను నెలకొల్పిన పీటర్ గుల్లార్ట్ అను రష్యా దేశీయుడు, ఈ పనిలో సుమారు 8,000 గుఱ్ఱములు, కంచరగాడిదలును, 20,000 జడలబఱ్ఱెలును పాల్గొనెనని తరువాత వ్రాసిన పుస్తకమున అంచనా నిచ్చినాడు. ఆతని సమకాలికుడే జోసెఫ్ రాక్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. 1922లో వచ్చి, నడుమ నడుమ విరామములతో 1949 వరకు ఇచ్చటనే యుండి, నాషీల చరిత్రను, లిపిని పరిశోధించెను. ఆ యేడు ప్రభుత్వము మారినంతట ఇరువురును వెడలిపోయిరి.

ఇక కట్టడముల సంగతి. లిజియాంగు చూడబోవువారు మొదట ఇండ్లను చూతురు. మొదట చూడవలసినది నీరని మా యభిప్రాయము. ఏలయన, ఇచ్చట వీథులను తీర్చినది మనుష్యుడు కాదు, నీరు. పట్టణమునకు ఉత్తరమున నల్లనాగమడుగు అను ఊటకొలను కలదు. దానినుండి బయలుదేరిన యేరు ఊరి మొదటి వంతెనకడ మూడు పాయలుగ చీలును. ఆ పాయలు మరల చీలి, వీథుల ప్రక్కనను, ఇండ్ల గుమ్మముల ముందరను, కొన్నియెడల ఇండ్ల గోడల క్రిందుగను పాఱును. చీనా నగరములలో వీథులు చదరంగపు గళ్లవలె తూర్పు పడమరలుగ, ఉత్తర దక్షిణములుగ తిన్నగ నుండును. ఇచ్చట వీథి కాలువవెంట వంకరలు పోవును. కాలువ నేలవాలువెంట పోవును. చిన్నవి పెద్దవి కలిసి సుమారు 350 వంతెనలు గలవని లెక్క. వానిలో కొన్ని రెండే రెండు పలకలు.

త్రాగుటకును, కడుగుటకును ఒకే నీరు వాడుకొను ఊరిలో కట్టుబాటు లేనిచో బ్రదుకు లేదు. నాషీల కట్టుబాటు మూడు గుంటల బావిలో కనిపించును. ఊట పుట్టిన చోట మొదటి గుంట, అది త్రాగునీటికి. అది నిండి పొర్లినది రెండవ గుంటలో పడును. అది కూరగాయలు, గింజలు కడుగుటకు. దాని పొర్లు మూడవ గుంటలో పడును, అది బట్టలకు. పై గుంటలో క్రింది గుంట పని చేయరాదు. కాలువల విషయమునను ఇట్టి నియమ ముండెడిదని చెప్పుదురు: ఉదయము పది గంటలలోపల ఎవరును కాలువలో బట్ట తడుపరాదు, అప్పటికి ఊరంతయు త్రాగునీరు ముంచుకొని యుండవలెను. ఈ నియమమును రాతిపై చెక్కలేదు, బంట్రోతును కాపు పెట్టలేదు. ఎగువ యింటివాడు దిగువ యింటివాని నెఱిగి యుండుటయే దానికి బలము.

ఊరి నడుమ సిఫాంగ్ అను సంతబయలు కలదు. నాలుగు దిక్కుల వీథులును అచ్చట కలియును. దాని పడమటి యంచున పాఱు కాలువ, బయలుకన్న కొంచెము మెఱక. సంత ముగిసిన పిదప కాలువకు అడ్డుపలక వేసినచో నీరు పొర్లి, బయలంతయు కడిగికొని, దిగువ కాలువలో పడిపోవును. చీపురు పట్టవలసిన పని లేకుండ ఒక సంతను కడుగు నుపాయ మిది. వీథులకు పరచిన రాళ్లు రంగురంగుల గులకలు పొదిగినట్లుండు కొండరాళ్లు. వానలో బురద కాదు, ఎండలో దుమ్ము రేగదు. గుఱ్ఱపు డెక్కలచే శతాబ్దములుగ నునుపెక్కి, తడిసినప్పుడు అద్దములవలె మెఱయును.

ఇండ్లు ఎక్కువగ రెండంతస్తులవి, నల్లని పెంకుటిండ్లు. మూడు ప్రక్కల మూడు వసారాలు, నాలుగవ ప్రక్కను తెల్లని తెరగోడ, నడుమ మన మండువావలె ఆకాశము కనపడు ముంగిలి. ఇది సామాన్యగృహస్థుని పద్ధతి. కలిగినవారు నాలుగు ప్రక్కల కట్టి, మూలలయందు కూడ చిన్న ముంగిళ్లను విడుతురు. ముంగిలిలో గులకరాళ్లతో కొంగలు, గబ్బిలములు, పూవులు పొదుగుదురు. గబ్బిలమును వారు శుభమని యెంతురు. చూరుకొసల నడుమ, త్రికోణపు గోడమీదుగ, చేపరూపున చెక్కిన బల్ల వ్రేలాడుచుండును. చేప నీటిది గనుక కొయ్యయింటిని అగ్నినుండి కాచునని నమ్మిక.

కాని నేర్పంతయు కనబడని చోట నున్నది. ఇంటి బరువును మోయునది గోడ కాదు, కొయ్యచట్రము. దూలపు కొనను చెక్కి స్తంభపు బెజ్జములో దూర్చుటయే కాని మేకు కొట్టుట లేదు. స్తంభములు నిట్టనిలువుగ నుండక పైకి పోవుకొలది కొంచెము లోనికి వాలి, ఒకదాని నొకటి ఒరసికొన్నట్లుండును. పచ్చియిటుక గోడను క్రిందిభాగము వరకే లేపి, పైన పలుచని బల్లలు కొట్టుదురు; ఎత్తున బరువు లేకుండుటయే దీని భావము. భూమి కదలినప్పుడు చట్రము కిఱ్ఱుమని యూగును, గోడ బయటికి పడును, కప్పు నిలుచును. గోడ కూలినను ఇల్లు కూలదని ఆ సీమ వడ్రంగుల మాట.

ఆ మాటకు పరీక్ష 1996 ఫిబ్రవరి 3వ తేదీ సాయంకాలము వచ్చినది. చీనా లెక్కప్రకారము 7.0 పరిమాణము గల భూకంపము లిజియాంగును కుదిపివేసెను. ఆ ప్రాంతమున మూడు వందలకు పైగా ప్రాణములు పోయినవి. వేలకొలది జనులు గాయపడిరి. పాతపట్టణమున గోడలు పడినవి, పెంకులు జారినవి. కాని కొయ్యచట్రములు చాలవరకు నిలిచినవి. ఇటీవల కట్టిన కాంక్రీటు కట్టడములు కొన్ని వానికన్న ఎక్కువ దెబ్బతినుట చూచి, పాతవానిని తీసివేసి క్రొత్తవి కట్టవలెనను వారి నోళ్లు మూతపడినవి. ప్రభుత్వము పాతపట్టణమున చొరబడిన కాంక్రీటు కట్టడములను తొలగించి, వాని స్థానమున పాతపద్ధతిని కొయ్యయిండ్లు కట్టించెను. ప్రపంచబ్యాంకు అప్పుతో మూ వారి భవనమును మరల నిర్మించిరి. 1999లో అది పూర్తియైనది. భూకంపము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1997 డిసెంబరులో, యునెస్కో లిజియాంగును బైషా, షూహె గ్రామములతో కూడ ప్రపంచవారసత్వ పట్టికలో చేర్చినది. భూకంపము లేకున్నచో ప్రపంచము ఈ యూరి పేరు ఇంత త్వరగ వినియుండెడిది కాదనుటలో అతిశయోక్తి లేదు.

ఇచ్చటినుండి కథ వేరు త్రోవ పట్టినది. 1995లోనే విమానాశ్రయము తెఱచిరి. 2009లో దాలీనుండి రైలు వచ్చినది. 2017 నాటికి లిజియాంగు ప్రాంతమునకు సంవత్సరమున నాలుగు కోట్ల మంది యాత్రికులు వచ్చినట్లు లెక్క వేసిరి. పట్టికలో చేర్చునాటికి పాతపట్టణమున కాపురమున్నవారు సుమారు 25,000 మంది. నాలుగు కోట్లలో కొంతభాగమే పాతపట్టణమున అడుగిడినదనుకొన్నను, ఆ వీథుల ఇఱుకు తెలిసినవారికి పర్యవసానము వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటిముందు గది అంగడి యయ్యెను. పిదప ఇల్లంతయు వసతిగృహ మయ్యెను. బయటి రాష్ట్రముల వర్తకులు హెచ్చు అద్దెలకు ఇండ్లు పుచ్చుకొనిరి. ఇంటివారు ఆ యద్దెతో క్రొత్తపట్టణమున మేడలలో చేరిరి. ఉప్పు, నూనె, గుఱ్ఱపు జీను, రాగిచెంబు అమ్మిన అంగళ్లు పోయి, ఒకే మాదిరి తేయాకు ఉండలును, శాలువలును, వెండి నగలును అమ్మునవి వచ్చినవి. సంతబయలునకు దగ్గఱ నొక వీథి యంతయు రాత్రి మద్యశాలల మ్రోతలతో నిండినది. 2008లో యునెస్కో పరిశీలకులు వచ్చి చూచి, వర్తకము మితిమీరినదని హెచ్చరించిరి.

దీనికై ఆ ఇంటివారిని నిందించుట మాకు ఇష్టము కాదు. చలికాలమున ఆ కొయ్యయిండ్లలో గాలి కత్తివలె కోయును. స్నానపుగది, మరుగుదొడ్డి అమర్చుట కష్టము. వాహనము గుమ్మమునకు రాదు. యాత్రికుని కంటికి సొంపుగ నున్న ఇంటిలో ముసలితల్లిని ఉంచుకొని కాపురము చేయుమని చెప్పుటకు, మేడలో నివసించు మనకు అధికార మెక్కడిది? అద్దె డబ్బు వారి పిల్లల చదువునకు పోయినది. అది వారి న్యాయము.

మా యాక్షేపణ మరియొక చోట నున్నది. లిజియాంగును కాపాడ బూనినవారు పెంకును కొలిచిరి, చూరు వంపును కొలిచిరి, కిటికీ చెక్కడమును కొలిచిరి. యాత్రికులనుండి 2001 మొదలు నిర్వహణపు రుసుము వసూలు చేసి, దానితో వంతెనలు బాగుచేసిరి, తీగెలను భూమిలో పాతిరి. పాత నివాసులు ఇల్లు మరమ్మతు చేసికొనుటకు కొంత సహాయధనమును ఇచ్చిరి. ఇవన్నియు మెచ్చదగిన పనులే. కాని మూడు గుంటల బావి కట్టడము కాదు, కట్టుబాటు. ఎగువ యింటను దిగువ యింటను కాపురములున్నంత వరకే అది బావి. వసతిగృహమునకు వచ్చి రెండు రాత్రులుండి పోవువానికి పది గంటల నియమముతో పని యేమి? కొళాయి త్రిప్పినచో నీరు వచ్చుచున్నది. గుంటలు మూడును చక్కగనే యున్నవి. వానిచుట్టు ఫోటోలు తీసికొనువారును ఉన్నారు. సహాయధనము పెంకులకే కాక, ఊరిలో ఒక పాఠశాల, ఒక వైద్యుడు, ఒక కూరగాయల అంగడి నిలుచుటకు మొదటి దినములలోనే వెచ్చించియున్నచో ఎక్కువమంది నిలిచి యుండెడివారని మా నమ్మకము.

నీటి సంగతియు చెప్పవలసి యున్నది. 2010 తరువాతి దశకమున యూనానులో వరుసగ అనావృష్టి వచ్చినప్పుడు నల్లనాగమడుగు పలుమారు అడుగు కనబడునట్లు ఎండిపోయినది. ఆ మడుగునొద్ద, 1601లో కట్టి 1970 దశకమున అచ్చటికి తరలించిన పంచహంసమండప మనదగిన అందమైన మూడంతస్తుల కట్టడ మున్నది. దాని నీడ పడవలసిన చోట బీటలువారిన మట్టి కనబడినది. అనావృష్టి దైవికమే. అయినను మైదానమంతట క్రొత్త కట్టడములు లేచి, క్రొత్త బావులు త్రవ్వబడినప్పుడు, భూగర్భపు ఊటపై నాధారపడిన పాతకాలువలకు తమ పాలు మునుపటివలె దక్కునని యెట్లు నమ్మవచ్చును?

అగ్ని భయమును తక్కువది కాదు. 2013 మార్చిలో పాతపట్టణమున నిప్పంటుకొని నూఱుకు పైగా గదులు కాలిపోయినవి. మరుసటి సంవత్సరము జనవరిలో, ఉత్తరమున టిబెట్టుబాటపై నున్న దూకెజోంగ్ అను పాతపట్టణము రాత్రికి రాత్రియే చాలవరకు భస్మమైనది. రెండు వందలకు పైగా ఇండ్లు పోయినవి. అదియు కొయ్యపట్టణమే, బిడారుల పట్టణమే. దానిని మరల పాతరూపుననే కట్టిరి. 2023 నవంబరులో లిజియాంగునుండి ఆ దిక్కునకు రైలుబాట తెఱచిరి. కంచరగాడిదలు దినములకొలది నడచిన దారిని, జిన్షానదిని వంతెనపై దాటి, కొండలను తొలిచిన సొరంగములలో దూరి, రైలు ఇప్పుడు గంటన్నరలోపల పోవుచున్నది.